జాబితా ఊరి ముందు చదవాలి

(సైదాబాద్‌లో రైతులు, వ్యవసాయ కూలీలు, హమాలీలు కలిసి జరుపుకున్న సమావేశంలో సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



రైతు సంఘం వాళ్లకు సైదాబాద్‌లో ఏం పని అని ఇద్దరు ముగ్గురు అడిగారు. గిట్టుబాటు ధర గురించో, యూరియా గురించో మాట్లాడేవాళ్లు ఇళ్ల మీద మీటింగ్ పెట్టడమేమిటని వాళ్ల అనుమానం. ఐ.ఎస్. సదన్ చౌరస్తాలో కాసేపు నిలబడితే జవాబు దొరుకుతుంది. ఈ రోడ్డు చంపాపేట, కర్మన్‌ఘాట్ దాటి ఇబ్రహీంపట్నం, యాచారం, మాల్ మీదుగా దేవరకొండ పోతుంది. బోరు ఎండినప్పుడు, పత్తి దెబ్బతిన్నప్పుడు, కౌలు పైసలు కూడా వెళ్లనప్పుడు మనవాళ్లు ఎక్కిన బస్సు ఈ సాగర్ రోడ్డు మీదే వచ్చింది. సింగరేణి కాలనీ గుడిసెల్లో దేవరకొండ వైపు తండాల నుంచి వచ్చిన కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. మలక్‌పేట గంజ్‌లో మన మిర్చి బస్తా, ఉల్లి బస్తా దించే హమాలీల్లో చాలామంది నిన్నటిదాకా నాగలి పట్టినవాళ్లే. ఊళ్లో ఉన్నవాడు రైతు, బస్తీలో ఉన్నవాడు పరాయి అనుకుంటే మన ఇంటిని మనమే రెండుగా చీల్చుకున్నట్టు.

ఇక అసలు సంగతి. ప్రభుత్వాలు మారాయి, పథకాల పేర్లు మారాయి. ఇందిరమ్మ ఇల్లు, డబుల్ బెడ్‌రూమ్ ఇల్లు, మళ్లీ ఇందిరమ్మ ఇల్లు. ఇస్తున్న ఇల్లు ఎవరికి పోతోంది, ఎట్లా కడుతున్నారు, కట్టాక ఎవరుంటున్నారు అని చూసే కన్ను ఎవరిది? ఆ మాట చట్టం చెప్పే ఉంది. 1992లో రాజ్యాంగాన్ని సవరించారు. 73వ సవరణ పంచాయతీలకు, 74వ సవరణ మున్సిపాలిటీలకు. పంచాయతీలకు అప్పగించదగిన 29 పనుల జాబితాలో గ్రామీణ గృహనిర్మాణం పదో పని. పట్టణాల 18 పనుల్లో మురికివాడల అభివృద్ధి ఉంది, పేదరిక నిర్మూలన ఉంది. మూడు లక్షల జనాభా దాటిన ప్రతి నగరంలో వార్డు కమిటీలు ఉండాలని 243-ఎస్ అధికరణం చెబుతుంది. మరి మన బస్తీల్లో ఎంతమందికి తమ వార్డు కమిటీ సభ్యుల పేర్లు తెలుసు? కార్పొరేటర్ పేరు తెలుసు, ఎమ్మెల్యే పేరు తెలుసు. మధ్యలో కమిటీ ఒకటుందన్న సంగతే తెలియదు.

ఈ దగ్గరలోనే ఉన్న ఒక మంచి ఉదాహరణతో మొదలుపెడదాం, ఎందుకంటే ఊరికే తిట్టడం వల్ల లాభం లేదు. చంచల్‌గూడ పక్కన పిల్లిగుడిసెలు అని బస్తీ ఉండేది. పేరులోనే గుడిసె ఉంది. ఆ గుడిసెల స్థానంలో 288 డబుల్ బెడ్‌రూమ్ ఇళ్లు కట్టారు. ఖర్చు 24 కోట్ల 91 లక్షలు. 2021 ఆగస్టులో తాళాలిచ్చారు. ఒక్కో ఇంటికి ఎనిమిదిన్నర లక్షల పైచిలుకు పడింది, ఇల్లు 560 చదరపు అడుగులు. అక్కడ జరిగిన ఒక విషయం గమనించండి. గుడిసె ఎవరిదో, ఏ గుడిసెలో ఎన్ని కుటుంబాలున్నాయో పక్కవాడికి తెలుసు. దొంగ పేరు రాస్తే గల్లీ అంతా లేచి అడుగుతుంది. ఉన్న చోటే ఇల్లు కడితే సగం తనిఖీ ఇరుగుపొరుగు వాళ్లే చేస్తారు, దానికి వేరే అధికారి అక్కర్లేదు.

ఇప్పుడు రెండోది చూడండి. హైదరాబాద్‌కు లక్ష ఇళ్లు అన్నారు, 111 చోట్ల కట్టడానికి పూనుకున్నారు. అన్నిటికన్నా పెద్దది కొల్లూరు. 15,660 ఇళ్లు, 2023 జూన్ 22న ప్రారంభం. అంత పెద్ద కట్టడం చిన్న విషయం కాదు, మెచ్చుకోవాల్సిందే. నగరంలో ఏడు లక్షల మందికి పైగా దరఖాస్తు పెట్టుకున్నారు. వాళ్లలో ఎవరికివ్వాలి? కంప్యూటర్ లాటరీ తీశారు. 24 నియోజకవర్గాలకు 500 చొప్పున 12 వేల మందిని మొదటి విడతకు తీసి, 2023 సెప్టెంబర్ మొదటి వారంలో ఇళ్లిచ్చారు.

లాటరీని మేం తప్పు పట్టడం లేదు. పైరవీకారు చేతిలో జాబితా పెట్టడం కన్నా యంత్రం వెయ్యి రెట్లు నయం. కానీ యంత్రానికి మలక్‌పేట గంజ్ ఎక్కడుందో తెలియదు. తెల్లవారుజామున నాలుగింటికి లారీ దించాల్సిన హమాలీకి ముప్పై కిలోమీటర్లకు పైనే దూరంలో ఇల్లొస్తే వాడు ఏం చేస్తాడు? ఇల్లు ఎవరికో కిరాయికిచ్చి, తను ఇక్కడే గుడిసెలో కిరాయికుంటాడు. తర్వాత అధికారులు సర్వే చేసి, ఫలానా ఇంట్లో అసలు మనిషి లేడని నోటీసు అంటిస్తారు. అంటించారు కూడా. ఆ నోటీసు చూసి "పేదోళ్లకు ఇల్లిచ్చినా అమ్ముకుంటారు" అని టీ కొట్టు దగ్గర మాట్లాడేవాళ్లను మీరు వినే ఉంటారు. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ కొత్తపేట నుంచి బాటసింగారానికి పోయినప్పుడు హమాలీలకు, చిన్న వ్యాపారులకు ఏం జరిగిందో మనం చూశాం. కూలీకి పని దగ్గర ఇల్లుండాలి, లేదా ఇంటి దగ్గర పని ఉండాలి. ఈ ముక్క వార్డులో నలుగురిని కూర్చోబెట్టి అడిగితే తెలిసేది. అడిగే వేదిక లేకపోయింది. తొమ్మిది అంతస్తుల మీద లిఫ్టు ఆగితే బాగు చేయించాల్సింది ఎవరు, నీళ్ల మోటార్ కరెంటు బిల్లు ఎవరు కట్టాలి, ఇవీ అట్లాగే తాళాలిచ్చిన తర్వాత గుర్తొచ్చిన ప్రశ్నలు.

ఊళ్ల సంగతికి వద్దాం. ఇక్కడ కూర్చున్నవాళ్లలో సగం మంది ఊళ్ల నుంచి వచ్చినవాళ్లే కదా.

2024 మార్చి 11న భద్రాచలంలో ఇందిరమ్మ ఇళ్ల పథకం మొదలుపెట్టారు. సొంత జాగ ఉన్నవాళ్లకు నాలుగు విడతల్లో ఐదు లక్షలు. నియోజకవర్గానికి 3,500 ఇళ్లు. ఇల్లు 400 చదరపు అడుగులకు తగ్గొద్దు, 600 దాటొద్దు. బేస్‌మెంట్ అయ్యాక లక్ష, తర్వాత గోడలకు, స్లాబుకు, చివరికి మిగతాది. ఫోటో తీసి యాప్‌లో ఎక్కిస్తే పైసలు ఖాతాలో పడతాయి. మధ్యలో చేతులు తక్కువ కాబట్టి ఇది మంచి పద్ధతే.

కానీ తేదీలు ఒక్కసారి పక్కపక్కన పెట్టి చూడండి. సర్పంచుల పదవీకాలం 2024 జనవరి ఆఖరుతో అయిపోయింది. కొత్త సర్పంచులు వచ్చింది 2025 డిసెంబర్‌లో, మూడు విడతల ఎన్నికల తర్వాత. మధ్యలో దాదాపు రెండేళ్లు ఊళ్లన్నీ ప్రత్యేక అధికారుల చేతిలో ఉన్నాయి. సరిగ్గా ఆ రెండేళ్లలోనే సర్వే జరిగింది, జాబితాలు తయారయ్యాయి, ముగ్గు పోశారు. 2025 జనవరి 21 నుంచి నాలుగు రోజులు గ్రామసభలు పెట్టి జాబితాలు చదివారు. చాలా ఊళ్లలో అవి సభల్లాగా జరగలేదు, కొట్లాటల్లాగా జరిగాయి. పేరు ఎందుకు లేదని అడిగితే చెప్పే మనిషి లేడు. కార్యదర్శిని అడిగితే ఎంపీడీవో అన్నాడు, ఎంపీడీవోను అడిగితే యాప్ అన్నాడు. ఇందిరమ్మ కమిటీలు వేశారు నిజమే. అందులో మహిళా సంఘాల వాళ్లున్నారు, అదీ మంచిదే. కానీ ఆ సభ్యులను ఊరు ఎన్నుకోలేదు, పైనుంచి పేర్లు వచ్చాయి. ఊరు ఎన్నుకోని వాణ్ణి ఊరు ఎట్లా నిలదీస్తుంది?

మా మండలంలో ఒక ఊళ్లో కౌలు రైతు కుటుంబం ఒకటుంది. ఇరవై ఏళ్లుగా ఇంకొకరి భూమి దున్నుతున్నారు, ఇంకొకరి కొట్టంలో ఉంటున్నారు. సర్వేలో వాళ్లను ఎల్-2లో వేశారు. ఈ అక్షరాలు అర్థం కాని వాళ్ల కోసం చెబుతున్నాం. జాగ ఉండి ఇల్లు లేనివాళ్లు ఎల్-1, జాగా ఇల్లూ రెండూ లేనివాళ్లు ఎల్-2, మిగిలినవాళ్లు ఎల్-3. మొదట ఇల్లు వస్తున్నది ఎల్-1కి. అంటే ఏమీ లేనివాడు కాస్త ఉన్నవాడి వెనక నిలబడ్డాడు. కౌలు రైతుకు రైతుబంధు రాలేదు, పంట రుణం రాలేదు, ఇప్పుడు ఇల్లూ రాలేదు, ఎందుకంటే ఏ కాగితం మీదా వాడి పేరు లేదు. సైదాబాద్ గుడిసెలో ఉన్నవాడిదీ ఇదే గతి. నగరంలో సొంత జాగ ఉన్న పేదవాణ్ణి మీరెక్కడైనా చూశారా?

ఇక్కడ కొందరు మిత్రులు ఇంకో మాట అంటారు. సర్పంచులుంటే మాత్రం ఏం ఒరిగేది, వాళ్లూ తమ వాళ్లకే రాసుకునేవాళ్లు కదా అని. నిజమే. 2006 నాటి ఇందిరమ్మ ఇళ్లలో గోడ లేకుండా బిల్లులెత్తిన ఊళ్లున్నాయి, తెలంగాణ వచ్చాక దాని మీద సీఐడీ విచారణ కూడా వేశారు. ఎమ్మెల్యే చేతిలోంచి తీసి సర్పంచు చేతిలో పెట్టమని మేం అడగడం లేదు. సర్పంచు వేరు, గ్రామసభ వేరు. సర్పంచు ఒక మనిషి. గ్రామసభ అంటే ఓటున్న ప్రతి మనిషీ. 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం రెండు నెలలకోసారి గ్రామసభ జరగాలి. మన ఊళ్లలో అది ఎక్కడ జరుగుతోంది? రిజిస్టర్‌లో జరుగుతోంది, సంతకాలు ఇంటింటికీ తిరిగి పెట్టించుకుంటున్నారు.

గ్రామసభ పనిచేయదని అనేవాళ్లకు మన సొంత అనుభవమే జవాబు. ఉపాధి హామీలో సామాజిక తనిఖీ మొదటగా గట్టిగా జరిగింది మన ఉమ్మడి రాష్ట్రంలోనే, 2006 నుంచి. 2009లో దానికోసం ప్రత్యేకంగా ఒక సొసైటీని పెట్టారు. ఊరి పిల్లలే మస్టర్లు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగారు. "అవ్వా, నీ పేరు మీద పద్నాలుగు రోజుల పని రాసి ఉంది, చేశావా?" అని అడిగారు. తర్వాత మండలంలో ప్రజావేదిక పెట్టి అందరి ముందు చదివారు. చచ్చిపోయినవాళ్ల పేర్లు బయటపడ్డాయి, మింగిన డబ్బు కొంతైనా కక్కించారు. అంతా కక్కించలేదు, అది కూడా చెప్పాలి. కానీ అక్షరం రాని మనిషి అధికారి ముందు మైకు పట్టుకున్నది అక్కడే. ఉపాధి కూలికి చేసిన తనిఖీ ఐదు లక్షల ఇంటికి ఎందుకు చేయకూడదు?

కేరళలో 2016 నుంచి లైఫ్ మిషన్ అని నడుస్తోంది. ఇంటికి నాలుగు లక్షలు, అంటే మనకన్నా తక్కువే. జాబితా గ్రామసభలో పెడతారు, లబ్ధిదారుడు పంచాయతీతో ఒప్పందం రాసుకుంటాడు. బిల్లు ఆగితే పోవాల్సిన గడప ఊళ్లోనే ఉంటుంది. అక్కడా అంతా సవ్యం కాదు, వడక్కాంచేరి ఫ్లాట్ల వ్యవహారం సీబీఐ కేసు దాకా పోయింది. అయినా ఎవరిని అడగాలో అక్కడి మనిషికి తెలుసు.

కాబట్టి సంఘం తీసుకున్న నిర్ణయాలు ఇవి. ఎల్-1, ఎల్-2, ఎల్-3 మూడు జాబితాలూ, ఏ కారణంతో ఎవరిని ఎందులో వేశారో రాసి, పంచాయతీ గోడ మీద అంటించాలి, సభలో గట్టిగా చదవాలి. పేరు తీసేస్తే కారణం కాగితం మీద ఇవ్వాలి. ఎల్-2 వాళ్లకు జాగ చూపించే బాధ్యత ప్రభుత్వానిది. అది చూపించకుండా పథకం పూర్తయిందని ఎవరు ప్రకటించినా మేం ఒప్పుకోం. నగరంలో బస్తీ వారీగా సభ పెట్టి, ఉన్న చోటే కట్టడానికి వీలుందా లేదా అని ముందు తేల్చాలి. వీలు లేదంటే ఎందుకు లేదో చెప్పాలి, పిల్లిగుడిసెల్లో ఎట్లా వీలైందో కూడా చెప్పాలి. ఇంకోటి, మన ఆడవాళ్లు గట్టిగా పెట్టిన డిమాండ్. ముగ్గు పోసిన రోజు నుంచి స్లాబు పడేదాకా ప్రతి బిల్లు తేదీ సభలో చదవాలి. బేస్‌మెంట్‌కు అప్పు తెచ్చి, బిల్లు కోసం నెలల తరబడి ఎదురు చూసి, మిత్తి కట్టేది వాళ్లే కాబట్టి ఆ లెక్క వాళ్లకే తెలుసు. ఇనుము, సిమెంటు ధరలు పెరిగినప్పుడు మేస్త్రీ పని ఆపి పోతే ఆ గోడల మధ్య వాన తడిసేదీ వాళ్లే.

కొత్తగా గెలిచిన సర్పంచులు, వార్డు సభ్యుల్లో మన సంఘం వాళ్లు, మన సంఘాన్ని గౌరవించేవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లకు ఒక మాట. ఇల్లు మంజూరు మీ చేతిలో లేదని మీరంటున్నారు, అది నిజం. కానీ సభ పిలవడం మీ చేతిలోనే ఉంది. ఎజెండాలో ఇళ్ల జాబితా పెట్టడం, తీర్మానం రాసి కలెక్టర్‌కు పంపడం కూడా మీ చేతిలోనే ఉన్నాయి.

సభ పిలవకపోతే మనం చేయాల్సింది చెబుతాం. సమాచార హక్కు చట్టం కింద తెల్ల కాగితం మీద దరఖాస్తు రాయండి. మూడు అడగండి: మన ఊరి మూడు జాబితాల నకళ్లు, గత ఏడాది గ్రామసభల తీర్మానాల పుస్తకం నకలు, ఇప్పటిదాకా చెల్లించిన బిల్లుల తేదీలు. గ్రామ స్థాయి కార్యాలయంలో పెడితే ఫీజు లేదు, మండలంలో ఐదు రూపాయలు, ఆపైన పది రూపాయలు. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. రెండు ప్రతులు రాయండి, ఒకదాని మీద కార్యాలయం ముద్ర, తేదీ వేయించుకుని మీ దగ్గర పెట్టుకోండి. రాయడం రానివాళ్లు బయట బల్ల దగ్గర కూర్చున్న మన పిల్లల చేత రాయించుకోండి. కాగితాలు, పెన్నులు అక్కడే ఉన్నాయి.