లోతు వేసిన గుడారము



వేసవి సెలవులు రాగానే మా ముండ్లమూరు ప్రాంతంలో కొన్ని కుటుంబాలు ఇల్లు ఖాళీ చేస్తాయి. వానలు లేక, బోర్లు ఎండిపోయి, కనీసం పిల్లల చదువైనా బాగుపడుతుందని ఒంగోలుకో హైదరాబాదుకో బయలుదేరుతారు. ప్రార్థన చేయించుకొని, "అయ్యగారూ, ఏ స్కూలు మంచిది?" అని అడుగుతారు. ఏ వీధిలో కాపురం పెట్టాలని అడిగినవారు చాలా తక్కువ.

ఆదికాండము 13వ అధ్యాయము చూడండి. కాపరుల మధ్య కలహం పుట్టినప్పుడు అబ్రాము తన సహోదరుని కుమారుడైన లోతుతో, నీకు నచ్చిన దిక్కు తీసుకోమన్నాడు. లోతు యొర్దాను ప్రాంతం చూశాడు. ఎటు చూసినా నీళ్లు. ఎండిన చేలు చూచి విసిగిన మనం లోతును తప్పుపట్టడం సులభం కాదు. నేనైనా అదే కోరుకొందును. అయితే ఆ ఊరి మనుష్యులు ఎట్టివారో లోతు విచారించినట్లు వాక్యంలో లేదు. మొదట సొదొమ దగ్గర గుడారము. 14వ అధ్యాయానికి సొదొమలోనే కాపురం. 19వ అధ్యాయంలో ఊరి గవినిలో కూర్చున్నాడు, కాని ఆయన హెచ్చరిక సొంత అల్లుళ్లకే ఎగతాళిగా వినబడింది.

నేనూ అలాగే చేశాను. సేవ నిమిత్తం పట్టణానికి మారినప్పుడు, బడి దగ్గరని ఒక ఇల్లు పగటిపూట చూచి అడ్వాన్సు ఇచ్చేశాను. చీకటి పడితే ఆ సందు మొదట్లో మద్యం దుకాణం ముందు గుంపు. మా అమ్మాయి ట్యూషన్ మానేసింది. భయమని రెండు నెలల తరువాత గాని చెప్పలేదు. ఆ రెండు నెలలూ సోమరివని దానిని తిట్టాను.

కాబట్టి అడ్వాన్సు ఇవ్వకముందు రాత్రి ఎనిమిదింటికి ఆ వీధిలో నడవండి. ఇంటి ఇల్లాలిని, పిల్లలను వెంట తీసుకుపొండి. నీళ్లు ఎన్నాళ్లకు వస్తాయి, బడికి పోవడానికి పెద్ద రోడ్డు దాటాలా, నడిచి వెళ్లగల మందిరముందా? ర్యాంకుల ఫ్లెక్సీలను నమ్మవద్దు, గేటు దగ్గర తల్లులను అడగండి. ప్రభుత్వ బడినీ చూడండి. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం 6 నుండి 14 ఏండ్ల పిల్లలకు, టి.సి. ఆలస్యమైనదని అక్కడ అడ్మిషన్ నిరాకరించకూడదు.

ఎంచుకొనే స్తోమత మాకెక్కడిదని కొందరు అనుకొనుచుండవచ్చు. నిజమే. 1877 నాటి కరవులో మన పెద్దలకూ లేదు; పని దొరికినచోటే గుడిసె. ఒంగోలు మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హామ్ కాలువలో కొన్ని మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకొని వారికి పని చూపించారు. పని చేయించినవారు తెలుగు బోధకులే. విశ్రాంతి వేళ కూలీల ప్రక్కన కూర్చొని మాట్లాడేవారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున, వెల్లంపల్లి వద్ద, ఒక్క దినమే 2,222 మంది బాప్తిస్మము పొందారు. కనుక అద్దె తక్కువని ఎక్కడ దిగినా, మొదటి ఆదివారమే అక్కడి సంఘాన్ని వెదకి, మీ ఇంటి గుర్తులు కాపరికి చెప్పండి. ఉత్తరం కావాలంటే నేను వ్రాసి ఇస్తాను.

ఈ శనివారం మా సంఘంలోని ఒక కుటుంబం ఒంగోలులో ఇల్లు చూడబోవుచున్నది. నేనూ వెళ్తున్నాను. పొద్దు గూకిన తరువాతే చూద్దామని చెప్పాను. వారి ముగ్గురు పిల్లల కొరకు ఇప్పుడు ప్రార్థించుదము.