మంచి తలంపును, దైవచిత్తమును
(హోసూరు, కృష్ణగిరి ప్రాంతముల తెలుగు క్రైస్తవ కుటుంబముల కూటమిలో చేసిన ప్రసంగము)



మీ యెదుట రెండు మాటలు పలుకుమని పెద్దలు మమ్ము కోరిరి. మేము బోధకులము కాము, వర్తకులము. కావున అంగడి మాటతోనే ఆరంభింతుము. యజమాని డెంకణికోటకు రాగులు పంపుమనెను. బియ్యము మేలని తలచి గుమాస్తా బియ్యము పంపెను. అతని తలంపులో మోసము లేదు. అయినను అచట రాగులకై కాచియున్నవాడు వట్టి చేతులతో మరలెను. నెరవేరినది గుమాస్తా యిష్టమే గాని యజమాని మాట కాదు. క్రైస్తవ జీవితమున మనకు తరచుగా కలుగు చిక్కు ఇదియే.

సౌలు రాజు కథ మీ రెరుగుదురు. అమాలేకీయుల పశువులలో మేలైనవానిని దేవునికి బలి యిచ్చుటకే మిగిల్చితిమని అతడు చెప్పెను. వినుటకు భక్తిగానే యున్నది, కాని ఆజ్ఞ వేరు. ఏ అర్పణమును విధేయతకు బదులు కాజాలదని సమూయేలు తేల్చెను. దావీదు మందిరము కట్టదలచెను. అదియు మంచి తలంపే. ఆ పని నీది కాదు, నీ కుమారునిదని దేవుడు తెలుపగా దావీదు తలవంచి, కుమారునికై సామగ్రి సమకూర్చెను. ఇరువురి తలంపులును మంచివిగానే తోచును. ఒకడు తన తలంపును పట్టుకొనెను, ఒకడు విడిచెను. భేద మంతయు అచటనే యున్నది.

మన తెలుగు నేలమీదను ఇట్టి పరీక్ష జరిగినది. అమెరికను బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ 1866లో ఒంగోలు చేరెను. అగ్రవర్ణముల పిల్లలు ఆయన బడికి రాసాగిరి. అంతలో తోళ్ల వర్తకుడైన యెర్రగుంట్ల పేరయ్య మూలముగా మాదిగలు బాప్తిస్మము కోరి వచ్చిరి. వీరిని చేర్చుకొన్నచో మేము రామని అగ్రవర్ణులు చెప్పిరి. ముందు పెద్దలు వచ్చినచో తక్కినవారు వారి వెంట వత్తురనుట మంచి తలంపే గదా! క్లౌ దంపతులు వేర్వేరుగా గ్రంథము తెరచిరి. కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రికలో, లోకము తృణీకరించినవారిని దేవుడు ఏర్పరచుకొనెనను భాగమే ఇరువురికిని కనబడినదని క్లౌ తన జీవితకథలో చెప్పియున్నాడు. వారు మాదిగలను చేర్చుకొనిరి. అగ్రవర్ణుల పిల్లలు బడి విడిచిరి. 1867 జనవరి 1న ఎనిమిదిమందితో ఒంగోలు సంఘ మేర్పడెను.

1876–78 నాటి కరవులో క్లౌ బకింగ్‌హాం కాలువ త్రవ్వకములో మూడున్నర మైళ్ల పని గుత్తకు తీసికొని ఆకలిగొన్నవారికి కూలి కల్పించెను. అనేకులు బాప్తిస్మ మడిగిరి. కూటికొరకు వచ్చుచున్నారేమోయని ఆయన వారిని ఆపెను. సహాయము ముగిసిన పిదప, 1878 జూలై 3న, గుండ్లకమ్మ నదిలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఈ సంఖ్యను చూచి విధేయత లాభసాటి బేరమని యెంచవలదు. ఎనిమిదిమంది యున్ననాడే, బడి ఖాళీయైననాడే, ఆ విధేయత సంపూర్ణమైనది.

ఇక మన సంగతి. ఈ సీమలో తెలుగువారు పెద్ద యిండ్లలో మాత్రమే లేరు. రాళ్ల గనులలో, ఇటుక బట్టీలలో, కర్మాగారముల వాకిళ్లలోను ఉన్నారు. పెద్ద కుటుంబములను ముందు కూర్చినచో మన మాటకు బలము కలుగును, తెలుగు బడి నిలుచును, పిదప పేదలకును మేలగును అని తలచుట సులభము. ఆ తలంపు మంచిది కాదని మేము చెప్పము. దానిని తూచుటకు ఒక రాయి మాత్రము చూపుదుము. ఈ తలంపు మనచేత దేనిని విడిపించుచున్నది? దేనిని మనకు మిగుల్చుచున్నది? సౌలుకు క్రొవ్విన పశువులు మిగిలినవి. మన గౌరవము, మన వరుస, మన పీట మనకే మిగులుచున్నచో, ఆ తలంపును మరల త్రాసులో వేయవలెను.

గెత్సేమనే తోటలో ప్రభువు తన కోరికను దాచలేదు. తండ్రి చిత్తము క్రింద నుంచెను. మనకును కోరిక లుండవచ్చును. అవి చిత్తము క్రింద నుండవలెను గాని దానిపైన గాదు.

వచ్చు కూటమికి పిలుపులు వ్రాయునపుడు మొదటి పిలుపు ఏ వాకిట చేరవలెనో మీ మీ యిండ్లలో ప్రార్థించి నిర్ణయింపుడు. ప్రభువు మనకు తోడైయుండును గాక.