లంగా నాడా కింది పుండు



మా సంఘంలో కండెలు చుట్టే ఒక వదినకు నాడా బిగిసే చోట నడుం మీద చర్మం నల్లగా, మందంగా అయింది. తర్వాత పుండు పడ్డది. ఏడాదైనా మానలేదు. పసుపు పెట్టింది, కొబ్బరినూనె రాసింది, నాడా మాత్రం అక్కడనే కట్టింది. ఆస్పత్రికి పోతానని అడ్వాన్సు అడిగితే, "పండుగ సరుకు పోనియ్యి వదినా" అని మేమే అన్నం. ఆ తప్పు మాది.

డాక్టరు చిన్న ముక్క తీసి పరీక్షకు పంపితే చర్మ కేన్సర్ అని తేలింది. ఇది కొత్త రోగం కాదు. ముంబయి టాటా మెమోరియల్ ఆస్పత్రి డాక్టర్ ఖనోల్కర్ 1945లోనే ధోవతి కట్టు దగ్గర వచ్చే కేన్సర్ గురించి రాసినారు. చీర కట్టు దగ్గర వచ్చేదాన్ని చీర కేన్సర్ అంటున్నరు. తప్పు చీరది కాదు, ఏండ్ల తరబడి ఒక్కచోటనే ఒరుసుకునే బిగువు నాడాది. ఇది అరుదు. నడుం నల్లబడ్డ ప్రతి ఒక్కరికీ రాదు.

"పుండు వరకు తీస్తే చాలదా?" అని డాక్టరును అడిగినం. పురుగు కొట్టిన గుడ్డను మనం చిల్లు అంచు వరకే కోస్తమా? చుట్టూ మంచి గుడ్డ కొంత కలిపే కోస్తం. ఆయన కూడా అట్లనే తీసి, అంచుల్లో రోగం మిగిలిందేమో పరీక్ష చేయించినారు. ఖాళీ అయిన చోట తొడ నుంచి పలుచటి చర్మం తీసి అతికించినారు.

గాయం మానింది, అయిపోయిందనుకున్నం. మూడు నెలలకోసారి రమ్మంటే వదిన ఒకసారి పోయి, కూలి పోతదని మానేసింది. గజ్జల్లో గడ్డ తగిలినా "నొప్పి లేదు గదా" అన్నది. తీసుకపోతే రోగం బిళ్లలకు పాకిందన్నరు. రెండో ఆపరేషన్ అయింది. ఇప్పటికీ కాలు వాస్తది, ఎక్కువసేపు కూర్చోలేదు.

అప్పటి నుంచి పరీక్ష తారీఖులు నూలు ఇచ్చే పుస్తకంలోనే రాస్తున్నం. ఆ రోజు కూలి సంఘమే ఇస్తది.

అక్కచెల్లెళ్లకు మా మనవి: సన్న నాడాకు బదులు వెడల్పు పట్టీ వేసుకోండి, వదులుగా కట్టండి, కట్టే చోటు మార్చుతుండండి. నెల దాటినా మానని పుండు ఎక్కడున్నా డాక్టరుకు చూపించండి. ఆపరేషన్ అయినోళ్లు మచ్చను, గజ్జలను చేత్తో తడిమి చూసుకోండి, కాగితాలు దాచుకోండి, తారీఖు తప్పకండి.

కార్యదర్శులకు ఒక్క మాట. అడ్వాన్సు అడిగితే ఎందుకని కూడా అడగండి. సరుకు పది రోజులు ఆగితే ఆగుతది.