ఉడుకు నీళ్ళు రావడం లేదా? ముందు విచారణ, తర్వాతే ఖర్చు
(మెదక్ పెన్షనర్ల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. గురించి, మెడికల్ బిల్లుల గురించి నాకన్నా బాగా చెప్పగలవారు ఇక్కడ ఉన్నారు. నేను స్నానాల గదిలోని గీజరు గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను. ఇది చిన్న విషయమని తోసివేయకండి. డిసెంబరు, జనవరి నెలల్లో మన మెదక్‌లో తెల్లవారుజామున చలి 10 డిగ్రీల దగ్గరికి దిగడం మనకు కొత్త కాదు. డెబ్బయి దాటిన ఒంటి మీద చన్నీళ్ళు పడితే రక్తపోటు ఒక్కసారిగా పెరుగుతుంది. మరీ కాగిన నీళ్ళు పడితే పలచబడిన చర్మం క్షణాల్లో కాలుతుంది.

పోయిన చలికాలం మా ఇంట్లో షవరు నుంచి గోరువెచ్చని నీళ్ళే వచ్చాయి. మెకానిక్ చూసి, "కొత్తది కొనుడే సార్" అన్నాడు. నేను గుమాస్తాగా పనిచేసినవాణ్ణి. విచారణ లేకుండా ఎవరినీ సస్పెండు చేయరాదు కదా! రెండు రోజులు గడువు అడిగి, ఒక్కొక్క అంశమే పరిశీలించాను.

మొదటిది కాలం. 15 లీటర్ల గీజరులో 2 కిలోవాట్ల కాయిల్ ఉంటే, 20 డిగ్రీల నీరు 60 డిగ్రీలకు చేరడానికి సుమారు 21 నిమిషాలు పడుతుంది. వోల్టేజి 230 నుంచి 180కి పడిపోతే అదే పనికి 34 నిమిషాలు కావాలి. స్విచ్ వేసిన పది నిమిషాలకే స్నానానికి వెళ్ళి గీజరును తిట్టడం న్యాయం కాదు.

రెండవది పరిమాణం. ఆ 15 లీటర్లకు అంతే చన్నీరు కలిపితే 40 డిగ్రీల నీరు 30 లీటర్లవుతుంది. షవరు నిమిషానికి 8 లీటర్లు పోస్తే నాలుగు నిమిషాలలోపే ఖాళీ. అదే బకెట్లలో పట్టుకుంటే ఇద్దరి స్నానం. ఇక చిన్న ఇన్‌స్టంట్ గీజర్లు 3 కిలోవాట్లవైతే, నిమిషానికి 3 లీటర్లు వదిలినప్పుడు 14 డిగ్రీలే పెంచగలవు. 2 లీటర్లకు తగ్గిస్తే 21 డిగ్రీలు. కాబట్టి నల్లా కొంచెమే తిప్పండి.

మూడవది, మా ఇంట్లో దొరికిన అసలు దోషం. గీజరుకు నీరు వచ్చే వాల్వు మూసి, వాష్‌బేసిన్ దగ్గర ఉడుకు నీళ్ళ నల్లా తెరిచాను. నీరు ఆగిపోవాలి, ఆగలేదు. అంటే షవరు మిక్సరు లోపలి భాగం చెడి, చన్నీరు ఉడుకు నీళ్ళ పైపులోకి దూరుతున్నదన్నమాట. గీజరు నిర్దోషి! ఆ భాగం మార్పిస్తే సరిపోయింది.

నాలుగవది బోరు నీళ్ళు. వాటిలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు కాయిల్ మీద తెల్లని పొరగా పేరుకుంటాయి. వేడి నీటికి సరిగా అందక, కాయిల్ తానే వేడెక్కి మాడిపోతుంది. షవరు రంధ్రాలు కూడా పూడుకుపోతాయి. 2016 ఆగస్టు 7న మన ఉమ్మడి జిల్లాలోని గజ్వేల్ దగ్గర కోమటిబండలో మిషన్ భగీరథ ప్రారంభమైంది. నది నీరు వచ్చినా, బోరు నీళ్ళే ట్యాంకుకు ఎక్కించుకునే ఇళ్ళు ఏడాదికొకసారి గీజరును శుభ్రం చేయించుకోవాలి.

ఇక చేయకూడని పనులు. గీజరు మూత మనం విప్పరాదు; అది ఎలక్ట్రీషియన్ పని. ఎర్తింగు లేని గీజరు వాడరాదు. నీళ్ళు కాగాక స్విచ్ తీసివేసి, తర్వాతే స్నానానికి వెళ్ళాలి. బకెట్లో ముందు చన్నీళ్ళు, తర్వాత ఉడుకు నీళ్ళు పట్టాలి. గ్యాస్ గీజరును గాలి ఆడని స్నానాల గదిలో పెట్టరాదు. దాని నుంచి వెలువడే కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు, ప్రాణం తీస్తుంది. ఒంటరిగా నడవలేని వయసులో లోపల గడియ కూడా వేసుకోకండి. పరువు కన్నా ప్రాణం ముఖ్యం.

మన పెన్షను డబ్బు లెక్క ప్రకారం వచ్చేది, లెక్క ప్రకారమే పోవాలి. పాత గీజరు వాదన విన్న తరువాతే కొత్తదానికి మంజూరు ఇవ్వండి.