ముఖ శస్త్రచికిత్స - దంతవైద్యుడు
(సంఘ సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



నేను వైద్యుడను గాను, ఫైళ్లు చూచువాడను. అయినను మనమందరము తెలిసికొనదగిన విషయమని ఈ నాలుగు మాటలు చెప్పుచున్నాను.

దంతవైద్యుడనగానే పన్ను పెరుకువాడని పెక్కుమంది తలంపు. విరిగిన దవడను అతుకుట, నోటిలోని కంతులను కోసి తీయుట, పుట్టుకతో చీలిన అంగిటిని కుట్టుట - ఇవియు దంతవైద్యమున ఒక ప్రత్యేక శాఖకు చెందినవే. బి.డి.యస్. పట్టము పొందిన పిమ్మట మూడేండ్లు యం.డి.యస్. చదివినవారు ఇందు నిపుణులగుదురు.

ఈ పని దంతవైద్యునికేల? దవడ యెముక అతికినంత మాత్రమున చాలదు. పై పలువరుసతో క్రింది పలువరుస సరిగా కలియవలెను. కలియనిచో మెతుకు నమలుటయే కష్టము. అందుచేతనే ముందుగా పండ్లను తీగెలతో కట్టి, కాటు సరిచేసి, ఆ పిమ్మట ఎముకను పలకలతోను మరలతోను బిగింతురు.

మొదటి ప్రపంచయుద్ధమున కందకముల నుండి తల పైకెత్తిన సైనికుల ముఖములెన్నియో ఛిద్రమయ్యెను. వారికై 1917లో ఇంగ్లండునందలి సిడ్‌కప్‌లో ప్రత్యేక వైద్యశాల వెలసెను. అచట హెరాల్డ్ గిల్లీస్ అను శస్త్రవైద్యుడు చర్మమును, మాంసమును సవరింపగా, కెల్సీ ఫ్రై అను దంతవైద్యుడు దవడలను, పండ్లను చక్కజేసెను. లోని యెముక నిలువనిదే పై చర్మము కుదురుకొనదు గదా!

మనకు తుపాకి గుండు కంటె పొగాకు చేరువ శత్రువు. ఉత్తరాంధ్ర తీరమున కొందరు స్త్రీలకు, చుట్ట మండు కొనను నోటిలో నుంచుకొని పీల్చు అడ్డపొగ అలవాటు చిరకాలముగా కలదు. దానివలన అంగిటిపై తెల్లమచ్చలు పుట్టి, కొందరిలో రాచపుండుగా మారును. ఇక మన కార్యాలయముల వరండాలలో కనబడునవి జర్దా కిళ్లీ, గుట్కా. పొగాకు లేకున్నను వక్క నిరపాయము కాదు. అదియు క్యాన్సరు కారకమేనని అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ 2004లో ప్రచురించిన సంపుటమున తేల్చినది. వక్క నమలుట వలన బుగ్గలు గట్టిపడి, నోరు తెరచుటయు క్రమముగా కష్టమగును.

రెండు వారములకును మానని పుండు, తెల్లని లేక ఎర్రని మచ్చ, మూడు వ్రేళ్లు నిలువుగా పట్టనంతగా బిగిసిన నోరు - వీనిలో ఏది కన్పించినను దంతవైద్యునికి చూపుడు. చిన్న ముక్క తీసి పరీక్షించిన నిజము తెలియును. తొలిదశలో చిన్న కోతతో పోవునది, ఆలస్యమైనచో దవడనే తీయించును. కాలి సన్నని యెముకను తెచ్చి క్రొత్త దవడ కట్టు నేర్పు నేటి వైద్యులకున్నది. ఆ నేర్పు మనకు అవసరము పడకుండుటయే మేలు.

ప్రతి ఫైలుకును గడువు వేయు మనము, నోటి పుండునకును పదునాలుగు దినముల గడువు వేసి, ఆ పైన ఒక్కనాడును పెండింగు పెట్టకుందుము గాక!