అర్థశౌచము



కృష్ణాతీరమున వెలసిన ఈ అమరేశ్వరుని సన్నిధిలో రాజా వాసిరెడ్డి వేంకటాద్రి నాయుని గాథ వినని వారుండరు. చెంచులను విందునకు పిలిపించి వధింపజేసిన ఆ ప్రభువునకు విస్తరిలోని అన్నము పురుగులై కనబడెనని పెద్దలు చెప్పుదురు. ఆయన ఇచ్చటికి వచ్చి స్వామి పాదములను ఆశ్రయించెను, ఆలయమును ఉద్ధరించెను. అయితే గుడికి సొమ్ము వెచ్చించుటకు ముందు ఆయన తన పాపమును పాపమని ఒప్పుకొనెను. మనము గ్రహింపవలసినది అదియే.

నేడు రాజుల స్థానమున కంపెనీలున్నవి. గడచిన మూడేండ్ల సగటు నికరలాభములో నూటికి కనీసము రెండు రూపాయలు పెద్ద కంపెనీలు సంఘహితమునకు వెచ్చింపవలెనని 2013 నాటి కంపెనీల చట్టము విధించినది. 2014 ఏప్రిల్ 1 నుండి ఇది అమలులోనున్నది. మంచిదే. కాని తక్కిన తొంబదియెనిమిది రూపాయలు ఏ త్రోవను వచ్చినవి?

సత్యం కంప్యూటర్స్ సంగతి మనము మరువరాదు. దాని అధిపతి రామలింగరాజు 2005లో 108 అంబులెన్సు సేవను నెలకొల్పెను. అది ఎందరి ప్రాణములనో నిలిపినది. ఆయనయే 2009 జనవరి 7న, లేని 5,040 కోట్ల రూపాయలను లెక్కలలో ఉన్నట్లు చూపితినని లేఖ వ్రాసెను. నమ్మి వాటాలు కొన్నవారు నష్టపోయిరి. ఆ పుణ్యము ఈ పాపమును మాపునా? మాపదు. ఈ పాపము ఆ పుణ్యమును చెరుపునా? అదియు లేదు. ఫలమును చూచువారు మేలుకీడులను తూచుదురు. విధిని చూచువారు అసత్యము అసత్యమే యందురు. మన కర్మసిద్ధాంతము రెండింటి ఫలమును వేరువేరుగా అనుభవింపుమనును. శౌచములలో మనువు అగ్రస్థానమిచ్చినది అర్థశౌచమునకే.

మన పల్నాట సున్నపురాయి త్రవ్వు యజమాని బడికి గదులు కట్టించిన ప్రశంసింతుము. కాని కూలివాని రొమ్ములో దుమ్ము చేరకుండ చూచుట, కూలి వేళకిచ్చుట, త్రవ్విన గోతిని పూడ్చుట దానములు కావు, ఋణములు. ఋణము తీర్చిన పిదపనే దానము.

మేమును ఎన్నోసారులు సంభావన పుచ్చుకొని, శాలువ కప్పించుకొని, ఆ సొమ్ము ఎట్టిదని అడుగక ఆశీర్వదించితిమి. ఆ దోషము మాయందును కలదు. ఈ వయస్సున దానిని అమరేశ్వరుని యెదుట ఒప్పుకొనుచున్నాము. మీరును హుండీలో రూపాయి వేయుటకు ముందు అది వచ్చిన త్రోవను ఒక్కమారు తలచుకొనుడు.

స్వస్తి.