పాత మిల్లింగ్ మిషను కొనేముందు

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



చేతిపని నేర్చిన మన కుర్రవాళ్ళకు పనికొచ్చే నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు అడిగారు. నేను ఉపన్యాసకుణ్ణి కాను. లేతుల దగ్గర, మిల్లింగ్ మిషన్ల దగ్గర నిలబడి బతికినవాణ్ణి. కనుక నాకు తెలిసిన సంగతే మనవి చేస్తాను.

మనలో చాలా ఇళ్ళలో ఐ.టి.ఐ. చదివిన పిల్లవాడు ఒకడుంటాడు. కొన్నాళ్ళు ఎవరి షెడ్డులోనో పనిచేస్తాడు. తర్వాత ఇంటి వెనక రేకుల పంచలో సొంతంగా ఒక మిషను వేసుకోవాలనుకుంటాడు. మంచి ఆలోచనే. కొత్త మిషను కొనే స్తోమత ఉండదు కాబట్టి పాతది వెతుకుతాడు. అమ్మ గాజులో, చెల్లెలి పెళ్ళికని దాచిన సొమ్మో బయటికి వస్తుంది. ఆ డబ్బు మళ్ళీ మళ్ళీ పుట్టేది కాదు. అందుకే ఈ విషయం మిషనుకు సంబంధించినదే కాదు, ఇంటిల్లిపాదికీ సంబంధించినది. ఆడవాళ్ళు కూడా వినాలని కోరుతున్నాను.

పాత మిషను అంటే చెడ్డ మిషను అని కాదు. సికింద్రాబాదులో 1943లో పుట్టిన ప్రాగా టూల్స్, బెంగుళూరులో 1953లో మొదలైన హెచ్.ఎం.టి. వంటి సంస్థలు పోతపోసిన ఇనుము అంత తేలికగా అరిగేది కాదు. పెద్ద కర్మాగారాలు కంప్యూటరు మిషన్లకు మారినప్పుడు చేతితో నడిచేవి వేలానికి వచ్చాయి. వాటిలో ఇంకో ఇరవై ఏళ్ళు పనిచేసేవి ఉన్నాయి, తుక్కుకు పోవలసినవీ ఉన్నాయి. పైన కొత్త రంగు వేస్తే రెండూ ఒకేలా కనిపిస్తాయి. రంగు చూసి కొనేవాడికి ఇనుము సంగతి ఇంటికి వచ్చాకనే తెలుస్తుంది.

మొట్టమొదట తేల్చుకోవలసింది, నాకు వచ్చే పని ఏమిటి అని. కీవే గాళ్ళు, పళ్ళచక్రాలు ఎక్కువగా చేసేవాడికి అడ్డంగా స్పిండిల్ ఉన్న హారిజాంటల్ మిషను చాలు. అడిగేవాళ్ళు తక్కువ గనక అది తరచు చవకగా దొరుకుతుంది. డై పని, రంధ్రాల పని, చిన్న చిన్న ప్లేట్ల పని చేసేవాడికి తల నిలువుగా ఉండే వర్టికల్ మిషను కావాలి. అమెరికాలో 1938లో వచ్చిన బ్రిడ్జిపోర్ట్ నమూనాను చూసి చేసినవి మన దేశంలోనూ తిరుగుతున్నాయి. పని తెలియకుండా మిషను కొనడమంటే, కొలత తీసుకోకుండా చొక్కా కుట్టించుకోవడమే.

ఇక పరీక్ష. వెళ్ళేటప్పుడు జేబులో డయల్ గేజీ, సంచిలో మాగ్నెట్ స్టాండు, ఒక టార్చిలైటు, ఒక పాత గుడ్డ ఉండాలి. ఇవి లేకుండా వెళ్తే అమ్మేవాడి మాట నమ్మడం తప్ప మనం చేయగలిగింది ఉండదు.

ముందు గుడ్డతో నూనె తుడిచి పోత భాగాలన్నీ చూడండి. టేబులు మీద కట్టరు తగిలిన గాట్లు ఒకటి రెండు ఉంటే భయం లేదు. టి-స్లాట్ల అంచులు విరిగి ఉంటే మాత్రం ఆలోచించాలి. టేబులును మోసే 'నీ' మీద, కింది పీఠం మీద అతుకు పెట్టిన జాడ ఉంటే, అది ఏనాడో పడిపోయిన మిషను. అక్కడే సలాం చెప్పి వచ్చేయండి.

రెండవది ప్లే. డయల్ గేజీని టేబులుకు ఆనించి, హ్యాండిలు ఒకవైపు తిప్పి ముల్లు కదిలాక ఆపండి. ఇప్పుడు వెనక్కు తిప్పండి. ముల్లు కదలకుండా హ్యాండిలు ఎన్ని గీతలు తిరిగిందో అదే స్క్రూకూ నట్టుకూ మధ్య ఉన్న ప్లే. ఇది టేబులు నడిమధ్యనా, రెండు చివరలా చూడాలి. అన్నిచోట్లా ఒకే లెక్క ఉంటే అరిగింది నట్టు, కొత్తది చేసుకోవచ్చు. మధ్యలో ఎక్కువ, చివర తక్కువ ఉంటే అరిగింది స్క్రూ, అది ఖర్చు.

ప్లే ఉన్న మిషను పనికిరాదని కాదు. కానీ దానిమీద కట్టరు తిరిగే దిక్కుకు ఎదురుగానే జాబును నడపాలి. అటే నడిపితే కట్టరు టేబులును ఒక్కసారి తనవైపు లాక్కుంటుంది. జాబు ఎగురుతుంది, కట్టరు విరుగుతుంది, ఒక్కోసారి వేలు కూడా పోతుంది.

మూడవది స్లయిడ్ల అరుగుదల. పని ఎప్పుడూ మధ్యలోనే జరుగుతుంది గనక మధ్యభాగమే అరుగుతుంది. టేబులును మధ్యకు తెచ్చి, జిబ్బు స్క్రూను కదలిక కాస్త గట్టిగా ఉండేలా బిగించండి. ఆపైన చివరిదాకా నడపండి. సాఫీగా వెళ్తే మంచిదే. దారిలో బిగుసుకుపోతే మధ్య అరిగిందన్నమాట. దాన్ని మళ్ళీ స్క్రేపింగ్ చేయించడం పెద్ద పని. ఆ పని తెలిసినవాళ్ళు ఇప్పుడు తగ్గిపోయారు కూడా.

నాలుగవది స్పిండిల్. టేపరు లోపల గుడ్డతో తుడిచి, డయల్ ముల్లు ఆనించి చేత్తో తిప్పండి. ఒకటి రెండు గీతలు, అంటే మిల్లీమీటరులో నూరోవంతు, రెండు వంతులు దాటకుండా ఉంటే సంతోషించండి. స్పిండిల్‌ను పైకీ పక్కకీ గట్టిగా లాగి చూస్తే బేరింగు సంగతి తెలుస్తుంది. టేపరు ఏ రకమో కూడా అడగండి. ఆర్-8, ఐ.ఎస్.ఓ.-40 వంటివైతే కాలెట్లు, హోల్డర్లు బజారులో దొరుకుతాయి. ఎక్కడా లేని రకమైతే ప్రతి హోల్డరూ చేయించుకోవాలి.

అయిదవది, కరెంటు పెట్టి నడిపించడం. "ఇవాళ కరెంటు లేదు, మిషను మాత్రం బంగారం" అని ఎవరన్నా అంటే, కరెంటు ఉన్నరోజునే బంగారం చూస్తామని చెప్పి రండి. ప్రతి స్పీడులోనూ, ప్రతి ఫీడులోనూ పదేసి నిమిషాలు తిరగనివ్వండి. పన్ను విరిగిన గేరు టకటక చెబుతుంది. వీలైతే ఒక ఇనుప ముక్క పెట్టి కోత కోసి చూడండి.

ఇప్పుడు ధర సంగతి. మిషనుకు ఇచ్చే సొమ్ముతో ఖర్చు తీరదు. చేతిలో లక్ష ఉందనుకోండి, లక్షా మిషనుకే పెట్టినవాడు దాన్ని చూస్తూ కూర్చోవాలి. మంచి వైసు, కాలెట్లు, కట్టర్లు, క్లాంపులు లేనిదే మిషను పని చేయదు. అందుకే సగం దాచి సగంతోనే బేరమాడమంటాను. డివైడింగ్ హెడ్ కలిపి ఇస్తే అది పెద్ద లాభం. మామూలుగా దాని హ్యాండిలు 40 చుట్లు తిప్పితే చక్ ఒక్క చుట్టు తిరగాలి. 24 పళ్ళ చక్రానికి ప్రతి పన్నుకూ ఒక పూర్తి చుట్టు, 15 రంధ్రాల వరుసలో ఇంకో 10 రంధ్రాలు. ప్లేట్లు అన్నీ ఉన్నాయా లేదా అక్కడే లెక్కపెట్టుకోండి.

మోటారు దాదాపుగా త్రీఫేజుదే ఉంటుంది, మన ఇళ్ళలో సింగిల్ ఫేజు. ఇప్పుడు వి.ఎఫ్.డి. అనే పెట్టె పెట్టి నడపవచ్చు గాని, అన్ని మోటార్లూ దానికి కుదరవు. నేమ్ ప్లేటు ఫోటో తీసి, తెలిసిన ఎలక్ట్రీషియన్‌కు చూపించాకనే బయానా ఇవ్వండి.

బ్రిడ్జిపోర్ట్ రకం మిషనే దాదాపు టన్ను తూగుతుంది. సందు వెడల్పు, గుమ్మం ఎత్తు ముందే టేపుతో కొలవండి. ఎక్కించేటప్పుడు 'నీ'ని పూర్తిగా కిందికి దించి, టేబులు మధ్యలో ఉంచి లాకు చేయాలి. తాడు టేబులుకు వేయకూడదు. తల బరువైన వస్తువు కనుక ఇట్టే బోర్లా పడుతుంది. దాని కింద మనిషి ఉండరాదు. నేల గట్టి కాంక్రీటు అయి ఉండాలి, మేడమీద పెట్టాలన్న ఆలోచన వద్దు.

తల్లులకు ఒక మనవి. మిషను ఇంట్లో ఉంటే పిల్లలు దాని దగ్గరికి వస్తారు. మెయిన్ స్విచ్చికి తాళం పెట్టించండి. తిరిగే కట్టరు దగ్గర చేతి తొడుగు, వదులు చొక్కా, ఓణీ, దుపట్టా ఏదీ ఉండరాదు. చిక్కుకుంటే మనిషినే లాగేస్తుంది. రజను చేత్తో తీయరాదు, మిషను ఆపి బ్రష్షుతో తీయాలి. కళ్ళద్దాలు లేకుండా స్విచ్చి వేయరాదు.

చివరగా సంఘానికి నా విన్నపం. పేదవాడు మోసపోయేది డబ్బు లేకపోవడం వల్ల కాదు, పక్కన తెలిసినవాడు లేకపోవడం వల్ల. మన సంఘం ఒక డయల్ గేజీ, మాగ్నెట్ స్టాండు, స్పిరిట్ లెవెల్ కొని ఆఫీసులో ఉంచాలి. మిషను కొనబోయే కుర్రవాడు ముందురోజు వచ్చి చెబితే, మనలో రిటైరైన ఫిట్టరో టర్నరో ఒకరు అతని వెంట వెళ్ళాలి. బస్సు చార్జీ తప్ప ఖర్చు లేదు. మొదటి పేరుగా నా పేరు రాసుకోండి. ఆదివారాలు నాకు ఖాళీయే.

సెలవు.